కిమ్ వంశం మూడు తరాలు: కుర్చీ వారసత్వంగా వస్తుంది, మాట చెల్లుబాటు రాదు

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. ఉత్తర కొరియాలో తాత, తండ్రి, మనవడు వరసగా ఎలా నిలబడగలిగారు? అక్కడి జనం నిజంగా నమ్ముతారా, భయంతో తలాడిస్తారా? కిమ్ జోంగ్ ఉన్ ఇప్పుడు కూతుర్ని వెంటబెట్టుకుని తిరుగుతున్నాడు కాబట్టి నాలుగో తరం కూడా ఖాయమేనా? కొరియా రాజకీయాలు చాలా ఏళ్లు చదివి, పాఠంగా చెప్పినవాణ్ని. కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఒక మెలిక విప్పాలి. నియంత పోయినప్పుడు రెండు ప్రశ్నలు లేస్తాయి. సైన్యాధికారులు, పార్టీ పెద్దలు, గూఢచారి విభాగాల అధిపతులు అడిగేది "తర్వాత ఎవరు?" అని. వాళ్లలో వాళ్లు కొట్టుకుంటే అందరూ మునుగుతారు. కొడుకుంటే ఆ పేచీ ఉండదు. ఎవరికీ పెద్దగా ఇష్టం లేకపోయినా అందరికీ ముందే తెలిసిన పేరు అది. గోర్డన్ టలక్ అనే ఆర్థికవేత్త ఈ మాట దశాబ్దాల కిందటే చెప్పాడు. మామూలు మనుషులు అడిగేది వేరు: "ఇతని మాట మేం ఎందుకు వినాలి?" మొదటి ప్రశ్నకు రక్తసంబంధం చక్కటి జవాబు. రెండోదానికి సగం జవాబు కూడా కాదు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అంటే ఎన్నాళ్లని చూస్తారు? అందుకే కిమ్ వంశంలో కుర్చీ తండ్రి నుంచి వచ్చింది గానీ, పాలించడానికి కారణం మాత్రం ఎవరికి వారు కొత్తగా పుట్టించుకోవలసి వచ్చింది. ఆ కొత్త కారణం ప్రతిసారీ పాతదాన్ని కొంత అరగదీసింది. నేను చెప్పదలచుకున్నదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

తాత కిమ్ ఇల్ సుంగ్ సంగతి చూడండి. 1912 ఏప్రిల్ 15న పుట్టాడు. మంచూరియాలో జపాన్ సేనలపై గెరిల్లా పోరాటం చేశాడు. 1937 జూన్‌లో సరిహద్దు దాటి పోచోన్బో అనే చిన్న ఊరి మీద దాడి చేయడంతో పత్రికల్లో పేరు మోగింది. ఆ తర్వాత సోవియట్ గడ్డకు తప్పుకుని, ఖబరోవ్స్క్ దగ్గర ఎర్రసైన్యపు 88వ బ్రిగేడ్‌లో కెప్టెన్‌గా పనిచేశాడు. 1945 సెప్టెంబరులో సోవియట్ ఓడ ఎక్కి వోన్సాన్ రేవులో దిగాడు. అక్టోబరు 14న ప్యాంగ్యాంగ్ సభలో వేదిక మీదికి తెస్తే, నెరిసిన తల సేనాని వస్తాడనుకున్న జనం 33 ఏళ్ల కుర్రాణ్ని చూసి నివ్వెరపోయారు. ఇతను అసలు కిమ్ ఇల్ సుంగేనా అన్న పుకారు చాలాకాలం తిరిగింది. అంటే ఈ వంశంలో మొదటివాడికే అర్హత గురించిన అనుమానం తప్పలేదు.

అయితే ఆ అనుమానాన్ని అతను కేవలం కట్టుకథలతో కప్పిపుచ్చాడనుకుంటే పొరపాటు. 1946 మార్చిలో భూసంస్కరణ వచ్చింది. భూస్వాముల పొలాలు కౌలురైతులకు దక్కాయి. 1950-53 యుద్ధంలో అమెరికా బాంబులకు నేలమట్టమైన నగరాలు మళ్లీ లేచాయి. ఇంటింటికీ రేషను, బడి, వైద్యం అందాయి. 1960ల దాకా పరిశ్రమల్లో ఉత్తరం దక్షిణం కంటే ముందే ఉంది. జపాన్ పాలనలో కౌలుదారుగా బతికి, 1965లో కొడుకు ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతుంటే చూసిన తండ్రికి ఈ పాలన ఎందుకో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. భయం ఉంది, జైలు శిబిరాలు ఉన్నాయి, సోంగ్‌బున్ పేరుతో పుట్టుకను బట్టి మనుషుల్ని నమ్మకస్తులు, ఊగిసలాడేవాళ్లు, శత్రువర్గం అని మూడు అంతస్తులుగా విడగొట్టడమూ ఉంది. కానీ వాటి పక్కనే చేతికి అందిన మేలు కూడా ఉంది. తర్వాతి ఇద్దరూ ఈ నిల్వ మీదే బతికారు.

కొడుకునే ఎందుకు ఎంచుకున్నాడన్నదానికి జవాబు కొరియా బయట ఉంది. 1956 ఫిబ్రవరిలో సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ తన గురువులాంటి స్టాలిన్‌ను చనిపోయిన మూడేళ్లకే నిలువునా కడిగేశాడు. అదే ఏడాది ఆగస్టులో ప్యాంగ్యాంగ్‌లో చైనా, సోవియట్ అనుకూల నాయకులు కిమ్‌ను కేంద్రకమిటీలో నిలదీశారు. వాళ్లను పార్టీ నుంచి గెంటేస్తే, మికోయాన్, పెంగ్ దెహువాయ్ మాస్కో, బీజింగ్‌ల నుంచి స్వయంగా వచ్చి తిరిగి చేర్చుకోమన్నారు. అప్పటికి ఒప్పుకున్నట్టు కనిపించి, తర్వాత ఒక్కొక్కరినీ ఏరేశాడు. 1971లో చైనాలో మావో ప్రకటించిన వారసుడు లిన్ బియావో తిరుగుబాటు ఆరోపణల మధ్య పారిపోతూ విమాన ప్రమాదంలో చచ్చాడు. బయటివాణ్ని వారసుణ్ని చేస్తే బతికుండగా కుట్ర, చచ్చాక శవానికి విచారణ. కొడుకైతే తండ్రి విగ్రహాన్ని కూల్చలేడు, కూలిస్తే తన కాళ్ల కింది నేలే పోతుంది.

ఇక్కడ నాకు ఎప్పుడూ సరదాగా అనిపించే సంగతి ఒకటుంది. 1970లో ప్యాంగ్యాంగ్‌లో అచ్చైన రాజకీయ పదకోశం వంశపారంపర్య అధికారాన్ని దోపిడీ సమాజాల అభివృద్ధి నిరోధక ఆచారమని తిట్టింది. 1972 ముద్రణలో ఆ మాట కనిపించకుండా పోయింది. ఎవరు ఏం రాస్తున్నారో కాదు, ఏది మాయమైందో చూస్తూ ఈ దేశాన్ని చదవాలని నేను విద్యార్థులకు చెప్పేది ఇందుకే.

కొడుకు కిమ్ జోంగ్ ఇల్‌ను చాలామంది సినిమా పిచ్చి ఉన్న విలాసపురుషుడిగా కొట్టిపారేస్తారు. నా లెక్కలో ముగ్గురిలో అసలు నిర్మాత అతనే. తండ్రి అధికారాన్ని ఊరికే పుచ్చుకోలేదు, దాన్ని వారసత్వంగా పుచ్చుకోదగిన వస్తువుగా ముందు తనే మలిచాడు. ప్రచార విభాగంలో కూర్చుని తండ్రి గెరిల్లా జీవితాన్ని పురాణంగా మార్చాడు. 1972లో తండ్రి అరవయ్యో పుట్టినరోజుకు మాన్సుదే గుట్ట మీద కంచు విగ్రహం నిలబడింది. 1974లో పార్టీ లోపల వారసుడిగా ఖరారయ్యాడు. అదే ఏడాది ప్రకటించిన 'పది సూత్రాలు' ఈ దేశానికి అసలు రాజ్యాంగం అనవచ్చు. నాయకుడి మాటే పరమమని, ఆయన మొదలుపెట్టిన విప్లవాన్ని తరతరాలుగా కొనసాగించాలని అందులో రాసి ఉంది. ఆ 'తరతరాలు' ఎవరి కోసమో ఊహించడం కష్టం కాదు. పదవులు పంచే వ్యవస్థ అంతా పార్టీ సంఘటనా విభాగం చేతిలో ఉంటుంది, ఆ విభాగం అతని చేతిలో ఉండేది. 1980 అక్టోబరు మహాసభ దాకా పత్రికల్లో అతని పేరు కూడా రాలేదు, 'పార్టీ కేంద్రం' అని మాత్రమే రాసేవారు. బాబాయ్ కిమ్ యోంగ్ జు పక్కకు జరిగాడు. సవతి తమ్ముడు కిమ్ ప్యోంగ్ ఇల్ 1988 నుంచి 2019 దాకా ఐరోపా రాజధానుల్లో రాయబారిగానే గడిపాడు. ఇలాంటివాళ్లను అక్కడ 'పక్కకొమ్మలు' అంటారు.

జన్మస్థలం కూడా మార్చారు. సోవియట్ పత్రాల ప్రకారం అతను 1941లో ఖబరోవ్స్క్ దగ్గరి వ్యాత్‌స్కోయే గ్రామంలో పుట్టాడు, చిన్నప్పుడు యూరా అని పిలిచేవారు. అధికారిక చరిత్రలో 1942 ఫిబ్రవరి 16న పవిత్రమైన పేక్తు పర్వతం మీద, గెరిల్లాల రహస్య శిబిరంలో పుట్టాడు. ఒక ఏడాది ఎందుకు మార్చారంటే తండ్రి 1912కీ కొడుకు 1942కీ ముప్పై ఏళ్ల తేడా గుండ్రంగా వస్తుంది, షష్టిపూర్తి, అర్ధశతి పండగలు కలిసొస్తాయి. మరీ చిల్లర పనిలా కనిపించవచ్చు. కానీ ఇద్దరినీ ఒకే వరుసలో కొలిచేలా పండగల క్యాలెండర్ కుదరడం వారసత్వ రాజకీయంలో చిన్న విషయం కాదు.

1994 జూలై 8న తండ్రి పోయాడు. ఇరవై ఏళ్ల తర్ఫీదు ఉన్న కొడుకు అప్పుడేం చేశాడో చూడండి: మూడేళ్లు సంతాపం పాటించాడు. పార్టీ ప్రధాన కార్యదర్శి పదవి 1997 అక్టోబరులో గానీ తీసుకోలేదు. 1998లో రాజ్యాంగం సవరించి చనిపోయిన తండ్రినే శాశ్వత అధ్యక్షుణ్ని చేశాడు. కన్ఫ్యూషియన్ పితృభక్తికి ఇది అచ్చమైన రూపం, నిజమే. దాంతోపాటు ఒక లౌక్యం ఉంది. అది కరువు కాలం. సోవియట్ యూనియన్ కూలి చవక చమురు, ఎరువులు ఆగిపోయాయి. 1995లో వరదలు వచ్చాయి. రేషను వ్యవస్థ కుప్పకూలింది. చనిపోయినవాళ్లు ఆరు లక్షల నుంచి పది లక్షల దాకా అని జనాభా శాస్త్రవేత్తల అంచనాలు, ఇరవై లక్షలకు పైనే అన్నవాళ్లూ ఉన్నారు. అలాంటి సమయంలో దేశానికి అధ్యక్షుడు ఒక శవం. ఆకలికి ఎవర్ని నిలదీయాలి?

తండ్రి ఇచ్చిన కారణం, అంటే కడుపు నింపే రాజ్యం, కొడుకు చేతిలో చెల్లకుండా పోయింది. కొత్తది కావలసి వచ్చింది. 'సైన్యమే ముందు' అన్న సోంగున్ విధానం అక్కడ పుట్టింది. మేం చుట్టుముట్టబడ్డాం, ఆకలి శత్రువు పని, తుపాకి ఉంటేనే దేశం ఉంటుంది. 2006 అక్టోబరు 9న మొదటి అణుపరీక్ష ఈ వాదనకు ముద్ర వేసింది. కడుపు నింపలేకపోయినా కాపాడుతున్నాను అన్నది రెండో తరం బేరం.

ఆ బేరానికి ఓ మూల్యం ఉంది. రేషను ఆగిన చోట జాంగ్‌మదాంగ్ అనే సంతలు మొలిచాయి. మగవాళ్లు జీతం రాని ఫ్యాక్టరీకి హాజరు వేయించుకోవడానికి వెళ్తే, ఆడవాళ్లు అమ్మీ కొనీ ఇల్లు నడిపారు. 2009 నవంబరు 30న ప్రభుత్వం 100 పాత వోన్‌కు 1 కొత్త వోన్ అని ప్రకటించి, మార్చుకునే మొత్తానికి పరిమితి పెట్టి, సంతల్లో కూడిన డబ్బును ఒక్క దెబ్బతో కాగితం చేసింది. ధరలు మండిపోయాయి, జనం బాహాటంగా గొణిగారు, కొద్ది నెలల్లో సంతలను మళ్లీ తెరవక తప్పలేదు. ఈ దేశంలో రాజ్యం వెనక్కి తగ్గిన అరుదైన సందర్భాల్లో ఇదొకటి. తాతకు కృతజ్ఞతతో ఉన్నది రేషను తిన్న తరం. సంత మీద పెరిగిన తరానికి అలాంటి బాకీ ఏమీ లేదు.

మనవడు కిమ్ జోంగ్ ఉన్‌కు దక్కింది ఈ సంత తరం జనం. తర్ఫీదు కూడా తక్కువ. తండ్రికి 2008లో పక్షవాతం వచ్చాకే హడావుడి మొదలైంది. 2010 సెప్టెంబరులో జనరల్ హోదా, 2011 డిసెంబరు 17న తండ్రి మరణం. చదివింది స్విట్జర్లాండ్‌లో. తల్లి కో యోంగ్ హుయి జపాన్‌లోని ఒసాకాలో పుట్టిన మనిషి. జపాన్ నుంచి వచ్చిన కుటుంబం అంటే సోంగ్‌బున్ లెక్కలో తక్కువ మెట్టు. అందుకే ఆమె పేరును ఇప్పటికీ అక్కడి పత్రికలు బహిరంగంగా రాయవు. పేక్తు రక్తమని ఊరేగించే ఇంట్లో తల్లి వైపు సగం గురించి మాట్లాడటమే నిషేధం.

అందుకని తండ్రిని పక్కనబెట్టి తాతను ఆవాహన చేశాడు. జుట్టు, కోటు, నడక, జనం భుజం మీద చెయ్యి వేయడం అన్నీ తాతవే. తండ్రి బహిరంగంగా ప్రసంగించేవాడే కాదు. ఇతను 2012 ఏప్రిల్ 15న తాత శతజయంతి రోజు మైకు ముందు నిలబడి, జనం ఇక మళ్లీ నడుం బిగించుకునే అవసరం రాదని మాట ఇచ్చాడు. అలాగని తాత రూపం మాత్రమే సరిపోలేదు. పెద్దల్ని కూడా లొంగదీశాడు. 2013 డిసెంబరులో మేనత్త భర్త జాంగ్ సోంగ్ థేక్‌ను నిండు సమావేశం నుంచి లాక్కెళ్లి, నాలుగు రోజుల్లో చంపించాడు. 2017 ఫిబ్రవరి 13న సవతి అన్న కిమ్ జోంగ్ నామ్ కౌలాలంపూర్ విమానాశ్రయంలో వీఎక్స్ విషంతో హతుడయ్యాడు. పక్కకొమ్మల్ని తండ్రి దూరంగా నాటాడు, కొడుకు నరికాడు. సవరించిన పది సూత్రాల్లో 'పేక్తు రక్తసంబంధం' అని నేరుగా రాయించింది కూడా 2013లోనే. తనకు ధీమా ఉన్నవాడు ఇంత తెగేసి రాయించడని నా అనుమానం.

అతని సొంత కారణం రెండు కాళ్ల మీద నిలబడింది: అణ్వాయుధం, మెరుగైన బతుకు. 2013లో రెండూ ఒకేసారి అని విధానం ప్రకటించాడు. మొదటి కాలు గట్టిపడింది. 2017 నవంబరు 29న ఖండాంతర క్షిపణి ఎగిరింది, అణుబలం పూర్తయిందన్నాడు. రెండోదానికి స్కీ మైదానం, నీటి పార్కు, ప్యాంగ్యాంగ్‌లో ఆకాశహర్మ్యాలు కట్టాడు. 2019 ఫిబ్రవరిలో హనోయ్‌లో ట్రంప్‌తో చర్చలు విఫలమై ఆంక్షలు తొలగలేదు, ఆపైన కోవిడ్ సరిహద్దు మూయించింది. 2020 అక్టోబరు 10న కవాతులో జనానికి తగినంత చేయలేకపోయానని కన్నీళ్లు తుడుచుకున్నాడు. తాత దేవుడు, దేవుడు క్షమాపణ చెప్పడు. మనవడు చెప్పాడు. బలహీనత అని కొందరన్నారు. నేనైతే దాన్ని తెలివిగా చూస్తాను. అద్భుతాలు చేస్తానని నమ్మించలేనివాడు కష్టపడుతున్నానని నమ్మించాలి.

ఇప్పుడు ఆసక్తికరమైన దశ నడుస్తోంది. కిమ్ జోంగ్ ఉన్ నెమ్మదిగా తాతను, తండ్రిని ఖర్చు పెట్టేస్తున్నాడు. చనిపోయిన తండ్రికి 2012లో 'శాశ్వత ప్రధాన కార్యదర్శి' బిరుదు ఇచ్చి, 2021 జనవరి మహాసభలో ప్రధాన కార్యదర్శి పదవి తనే తీసుకున్నాడు. 2023 చివర్లో, దక్షిణంతో పునరేకీకరణ అన్న లక్ష్యాన్నే వదిలేశాడు. తాత ప్రాణం పెట్టుకున్న లక్ష్యం అది, యుద్ధం చేసింది కూడా దాని పేరు మీదే. 2024 జనవరిలో ప్యాంగ్యాంగ్‌లోని పునరేకీకరణ తోరణాన్ని పడగొట్టించాడు. ఆ ఏడాది మే నెలలో పార్టీ శిక్షణ పాఠశాలలో అతని చిత్రపటం తాత, తండ్రి పటాల సరసన కనిపించింది, జూన్‌లో అధికారుల ఛాతీ మీద అతని ఒక్కడి ముఖంతో బ్యాడ్జీలు వచ్చాయి. తాత పుట్టిన ఏటితో మొదలయ్యే జూచే శకాన్ని అక్టోబరు నుంచి పత్రికలు మానేశాయి. దక్షిణం సంపన్నమైపోయాక ఒకే జాతి అన్న మాట ఇతనికే ప్రమాదం: ఒకే జాతి అయితే వాళ్లెందుకు అలా ఉన్నారు, మేమెందుకు ఇలా ఉన్నాం? 2020 డిసెంబరులో దక్షిణాది సినిమాలు, సీరియళ్లు పంచేవాళ్లకు మరణశిక్ష దాకా వేసే చట్టం తెచ్చిందీ, 2023లో దక్షిణాది యాసలో మాట్లాడటాన్ని నేరం చేసిందీ ఈ భయంతోనే.

ఉక్రెయిన్ యుద్ధంలో రష్యా కోసం కుర్స్క్ ప్రాంతానికి సైనికుల్ని పంపడాన్ని కూడా నేను ఈ కోణంలోనే చూస్తాను. డబ్బు, చమురు, సాంకేతికత అసలు కారణాలు, సందేహం లేదు. కానీ చనిపోయిన సైనికుల ఫొటోలకు 2025 ఆగస్టులో పతకాలు పెట్టి, వాళ్ల పిల్లల్ని కౌగిలించుకున్న దృశ్యాలు చూస్తే, తాతకున్నట్టే తనకూ ఒక యుద్ధం, అమరవీరుల కుటుంబాలు సమకూరుతున్నాయని అర్థమవుతుంది. 1947లో గెరిల్లాల అనాథ పిల్లల కోసం మాంగ్యోంగ్దే పాఠశాల పెట్టారు. ఆ పిల్లలే తర్వాత పాలకవర్గం అయ్యారు. ఇప్పటికీ పైమెట్టు మీద వాళ్ల సంతానం ఉంది. చాలాకాలం పెద్ద పదవుల్లో ఉన్న చోయ్ ర్యోంగ్ హే తండ్రి చోయ్ హ్యోన్, కిమ్ ఇల్ సుంగ్‌తో కలిసి పోరాడిన గెరిల్లా, కిమ్ జోంగ్ ఇల్ వారసత్వాన్ని గట్టిగా సమర్థించిన వ్యక్తి. వారసత్వం ఒక్క కిమ్‌లది కాదు, వాళ్ల చుట్టూ ఉన్న కొన్ని వందల ఇళ్లది. కిమ్ ఇల్లు కూలితే ఆ ఇళ్లన్నీ కూలతాయి. సిరియాలో అసద్ కొడుకు 24 ఏళ్లు, హైతీలో డువాలియే కొడుకు 15 ఏళ్లు నిలిచి పారిపోయారు. సిరియాలో చివరి రోజుల్లో సైన్యం పోరాడకుండానే కరిగిపోయింది, ఎందుకంటే కింది అధికారులకు కాపాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. ప్యాంగ్యాంగ్ పెద్దలకు ఆ పరిస్థితి ఇంకా రాలేదు.

జనం నమ్ముతారా అన్న ప్రశ్నకు సూటిగా: ముసలివాళ్లలో తాత మీద అభిమానం నిజం. దక్షిణానికి వచ్చేసిన దాదాపు 34,000 మందిలో కూడా తాతను మెచ్చుకుంటూ, తండ్రిని తిట్టేవాళ్లు తరచు కనిపిస్తారు. వాళ్లలో ఎక్కువమంది చైనా సరిహద్దు రాష్ట్రాల వాళ్లు కాబట్టి ప్యాంగ్యాంగ్ మనసు వాళ్ల మాటల్లో పూర్తిగా దొరకదు. ఇరవై ముప్పై ఇళ్లకో ఇన్‌మిన్‌బాన్ అనే ఇరుగుపొరుగు నిఘా బృందం, దానికో పెద్దమ్మ, వారం వారం ఆత్మవిమర్శ సమావేశం. ఇంత నిఘాలో నమ్మడం, నమ్మినట్టు ఉండటం ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పక్కవాడు ఏమనుకుంటున్నాడో తెలియనంతకాలం పాలకుడికి నమ్మకం అవసరం కూడా లేదు.

ఇక కూతురు. 2022 నవంబరు 18న క్షిపణి పక్కన తెల్ల కోటులో మొదటిసారి కనిపించింది. అక్కడి పత్రికలు ఆమె పేరు రాయవు; జు యే అన్న పేరు 2013లో బాస్కెట్‌బాల్ ఆటగాడు డెన్నిస్ రాడ్‌మన్ నోటి నుంచి బయటికొచ్చింది. 2024 జనవరిలో దక్షిణ కొరియా గూఢచారి సంస్థ ఆమెనే వారసురాలు కావచ్చంది. 2025 సెప్టెంబరులో తండ్రితో బీజింగ్ రైలు దిగింది. తనకు తర్ఫీదు చాలలేదని తెలిసిన తండ్రి ముందే చూపిస్తున్నాడన్నది సబబైన వాదనే. నాకు మాత్రం ఆమె ఇంకా ఒక వ్యక్తిగా కన్నా ఒక సందేశంగా కనిపిస్తోంది: ఈ ఆయుధాలు బేరానికి కాదు, వచ్చే తరానికి. పైగా ఆ సమాజంలో వంశం తండ్రి పేరు మీద నడుస్తుంది, ఆమె పిల్లలు కిమ్‌లు కారు. నాలుగో తరం కుదిరినా ఐదో తరం దగ్గర చిక్కుముడి పడుతుంది. ఇంకో పిల్లవాణ్ని దాచి ఉంచితే అదో లెక్క.

రేపే కిమ్ జోంగ్ ఉన్‌కు ఏదైనా జరిగితే పదేళ్లు దాటిన పిల్ల పాలించలేదు. చెల్లెలు కిమ్ యో జోంగ్ ముందుకొచ్చి నడిపించే అవకాశం ఎక్కువ. 2021 మహాసభలో మార్చిన పార్టీ నియమావళిలో ప్రధాన కార్యదర్శి తరఫున పనిచేసే 'మొదటి కార్యదర్శి' అనే పదవి కొత్తగా పెట్టారని ఆ ఏడాది జూన్‌లో దక్షిణాది పత్రికలు రాశాయి. పిల్ల ఏ కోటు వేసుకుంది, ఎవరి చెయ్యి పట్టుకుంది అన్న వార్తల కన్నా, ఆ కుర్చీలో ఎవరి పేరు పడుతుందో, సంఘటనా విభాగంలో ఎవరు మారుతున్నారో చూస్తూ ఉండండి. కిమ్ జోంగ్ ఇల్ ఎక్కిన మెట్లు ఊరేగింపుల్లో కనిపించినవి కావు, ఆ విభాగంలోనివి.